బిడ్డను అల్లాహ్‌కు అప్పగించి సాగనంపడం

ప్రాణం పోసేవాడు, పోసిన ప్రాణాన్ని తిరిగి తన వద్దకు పిలుచుకునేవాడు అయిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. పుట్టకముందే తండ్రిని, ఆరేళ్ల ప్రాయంలో తల్లిని, ఎనిమిదేళ్ల ప్రాయంలో తాతను పోగొట్టుకున్నప్పటికీ అనాథలకు ఆశ్రయంగా నిలిచిన మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, ఆయన కుటుంబంపై, ఆయన సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

సోదర సోదరీమణులారా! మన సికింద్రాబాదు వీడ్కోళ్ల పట్టణం. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో ఈ పట్టణానికి పేరు పెట్టారు. 1874లో ఇక్కడికి రైలు వచ్చింది. నాటి నుండి నేటి వరకు ఈ స్టేషనులో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని సాగనంపుతూనే ఉన్నారు. నల్లగొండ, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల మన తెలుగు ముస్లిం కుటుంబాలు పిల్లలను ఢిల్లీకో, అలీగఢ్‌కో, బెంగళూరుకో పంపడానికి ఇక్కడికే వస్తాయి. గుంటూరు నుండి, కర్నూలు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనో, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనో చేరడానికి వచ్చే పిల్లలు నగరంలో తొలి అడుగు వేసేదీ తరచుగా ఇక్కడే. ప్రవేశాల కాలం వచ్చిందంటే ఒకటో ప్లాట్‌ఫాం మొదలు భోయిగూడ వైపు పదో ప్లాట్‌ఫాం దాకా కొత్త సూటుకేసులు, పచ్చడి డబ్బాలు, తడి కళ్లు కనిపిస్తాయి.

ఆ కుటుంబాలలో కొన్నింటికి ఈ వీడ్కోలు రెండవది. కొన్ని నెలల క్రితమే ఆ ఇంటి నుండి ఒక జనాజా వెళ్లి ఉంటుంది. తండ్రి పోయిన ఇల్లు, తల్లి పోయిన ఇల్లు, తోబుట్టువు పోయిన ఇల్లు. ఖబరుపై మట్టి ఇంకా ఆరకముందే కళాశాల నుండి సీటు వచ్చినట్లు కబురు వస్తుంది. ఇంట్లో మిగిలిన తల్లి గాని తండ్రి గాని అప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకుంటారు. ఇంత దుఃఖంలో బిడ్డను దూరం పంపడం న్యాయమా? ఆపడం న్యాయమా? బిడ్డ విషయంలో భయపడితే అల్లాహ్‌పై నమ్మకం లేనట్లా? ఇద్దత్‌లో ఉన్న తల్లి స్టేషనుకు వెళ్లవచ్చునా? చదువుకు ఏ సొమ్ము వాడాలి? ఈ వారం ఈ ప్రశ్నలను ధర్మం వెలుగులో వివరించదలిచాము.

యాఖూబ్ ప్రవక్త గడప వద్ద

ఈ విషయంలో దివ్య ఖుర్ఆన్ మనకు ఒక తండ్రిని చూపిస్తుంది. ఆయన హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం). ప్రియ పుత్రుడైన యూసుఫ్‌ను అన్నలు అడవికి తీసుకువెళ్లి, తోడేలు తినేసిందని చెప్పి, రక్తం పూసిన చొక్కాతో తిరిగి వచ్చారు. ఏళ్లు గడిచాయి. కరువు వచ్చింది. ధాన్యం కోసం ఈజిప్టుకు వెళ్లిన కుమారులు తిరిగి వచ్చి, తమ్ముడు బిన్‌యామీన్‌ను వెంట తీసుకువస్తేనే మళ్లీ ధాన్యం ఇస్తామన్నారని తండ్రికి విన్నవించారు. ఒక కొడుకును పోగొట్టుకున్న తండ్రిని రెండవ కొడుకును పంపమని అడుగుతున్నారు. యూసుఫ్ సూరాలో 63వ ఆయత్ నుండి 68వ ఆయత్ వరకు ఈ సంభాషణ సాగుతుంది. దీనిని మనం నిదానంగా చదవాలి.

ఆయన ముందు తన మనసులోని గాయాన్ని దాచుకోలేదు. ఇతని అన్న విషయంలో మిమ్మల్ని నమ్మినట్లే ఇప్పుడూ నమ్మమంటారా అని కుమారులను నేరుగా అడిగారు. ఆ వెనువెంటనే, అందరికంటే ఉత్తమ సంరక్షకుడు అల్లాహ్ అన్నారు. గమనించండి! గతం గుర్తుకు రావడమూ, అల్లాహ్‌ను నమ్మడమూ ఒకే శ్వాసలో వచ్చాయి. ఒకటి ఉంటే మరొకటి ఉండరాదని ఖుర్ఆన్ చెప్పలేదు. భయపడిన తల్లి విశ్వాసంలో తక్కువది కాదు. ప్రవక్త అయిన తండ్రి భయపడ్డారు, ఆ భయాన్ని మాటల్లో చెప్పారు, అందుకు అల్లాహ్ ఆయనను మందలించలేదు.

అయితే భయం ఆయన చేతులు కట్టివేయలేదు. ఇంటికి ధాన్యం అవసరం, బిడ్డ వెళ్లక తప్పదు. నేడు మన ఇంటికి విద్య అటువంటి ధాన్యమే. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో బిడ్డ చదువు ఆగితే కరువు ఒక్క ఏడాదితో పోదు, తరం దాకా సాగుతుంది. కాబట్టి దుఃఖం పేరు చెప్పి బిడ్డను ఇంట్లో కట్టిపడేయడం ప్రేమగా కనిపించినా, దాని భారం చివరకు బిడ్డ మీదే పడుతుంది.

జాగ్రత్తా కావాలి, నమ్మకమూ కావాలి

పంపడానికి ఒప్పుకున్న తరువాత యాఖూబ్ (అలైహిస్సలాం) రెండు పనులు చేశారు. మొదట, తమ్ముణ్ణి తిరిగి తీసుకువస్తామని కుమారుల చేత అల్లాహ్ సాక్షిగా గట్టి ప్రమాణం చేయించుకున్నారు. ఆ ప్రమాణంలోనూ మీరంతా చుట్టుముట్టబడి నిస్సహాయులైతే తప్ప అన్న మినహాయింపు ఉంచారు. మనిషి శక్తికి హద్దు ఉందని ఆయనకు తెలుసు. రెండవది, పట్టణంలోకి అందరూ ఒకే ద్వారం గుండా పోవద్దని, వేర్వేరు ద్వారాల గుండా ప్రవేశించమని సలహా ఇచ్చారు. అలా చెబుతూనే, అల్లాహ్ నిర్ణయం ముందు నేను మీకు ఏ విధంగానూ ఉపకరించలేనని కూడా అన్నారు.

ఇక 68వ ఆయత్ తల్లిదండ్రులందరూ గుండెకు హత్తుకోవలసినది. ఆ సలహా అల్లాహ్ నిర్ణయాన్ని తప్పించలేదని, అది యాఖూబ్ మనసులోని ఒక కోరిక మాత్రమేనని, దానిని ఆయన తీర్చుకున్నారని అక్కడ చెప్పబడింది. ఆ మాట అంటూనే అల్లాహ్ ఆయనను జ్ఞానవంతుడని ప్రశంసించాడు. మనసులో ఉన్న ఆరాటాన్ని ఒక జాగ్రత్త రూపంలో తీర్చుకోవడం అజ్ఞానం కాదన్నమాట.

తల్లి నాలుగోసారి సంచి విప్పి మందుల పొట్లం ఉందో లేదో చూస్తుంది. గోంగూర పచ్చడి డబ్బా మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కడుతుంది. చేరగానే ఫోన్ చెయ్యి, రాత్రి పూట ఒంటరిగా తిరగకు అని వంద సార్లు చెబుతుంది. ఆ జాగ్రత్తలు విధిని మార్చవు. అవి ఆ తల్లి మనసులోని కోరిక. యాఖూబ్ ప్రవక్త కోరికను గౌరవించిన ధర్మం ఆ తల్లి కోరికనూ గౌరవిస్తుంది. బిడ్డలారా! ఆ మాటలు విసుగు పుట్టించినప్పుడు ఈ ఆయత్‌ను గుర్తు తెచ్చుకోండి.

మరొక సత్యం కూడా ఇక్కడ ఉంది. దానిని దాచడం నిజాయితీ కాదు. యాఖూబ్ (అలైహిస్సలాం) ప్రమాణం తీసుకున్నారు, జాగ్రత్త చెప్పారు, అల్లాహ్‌ను నమ్మారు. అయినా బిన్‌యామీన్ ఆ ప్రయాణం నుండి తిరిగి రాలేదు. కొలపాత్ర అతని మూటలో దొరికిందన్న కారణంగా అతడు అక్కడే ఆగిపోయాడు. అతని కోసం పెద్దన్న కూడా అక్కడే ఉండిపోయాడు. తండ్రి కళ్లు దుఃఖంతో తెల్లబడిపోయాయి. అల్లాహ్‌పై భారం వేయడం అంటే మనం కోరినట్లే జరుగుతుందన్న హామీ పత్రం తీసుకోవడం కాదు. ఏది జరిగినా అది దయామయుని చేతుల్లోనే జరుగుతుందన్న ఎరుక అది. ఆ తండ్రి తన బాధను, దుఃఖాన్ని అల్లాహ్ ముందు మాత్రమే వెళ్లబోసుకుంటున్నానన్నారు. ఆపై మిగిలిన కుమారులతో, వెళ్లి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అన్నారు. అంటే కళ్లు పోయిన తరువాత కూడా ఆ తండ్రి మళ్లీ పిల్లలను ప్రయాణానికి పంపారు! ఆ ప్రయాణంలోనే యూసుఫ్ దొరికారు.

చదువుకు పంపిన తల్లులు

మన ధర్మ విజ్ఞాన చరిత్రలో వెలిగిన అనేక దీపాలు తండ్రి లేని ఇళ్లలోనే వెలిగాయి. ఇమామ్ షాఫయీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 150లో గాజాలో జన్మించారు. పసితనంలోనే తండ్రి మరణించారు. రెండేళ్ల బిడ్డను తీసుకుని ఆ తల్లి మక్కాకు చేరుకున్నారు. ఉపాధ్యాయునికి ఇవ్వడానికి ఆమె వద్ద రుసుము లేదు. కాగితం కొనలేక ఆ బాలుడు ఎముకలపై పాఠాలు రాసుకున్నాడు. కొంత ఎదిగాక ఇమామ్ మాలిక్ వద్ద చదవడానికి మదీనాకు వెళ్లాడు.

ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) హిజ్రీ 194లో బుఖారాలో జన్మించారు. ఆయన తండ్రి కూడా చిన్నతనంలోనే పోయారు. పదహారేళ్ల వయసులో తల్లితో, అన్న అహ్మద్‌తో కలిసి హజ్‌కు వెళ్లారు. హజ్ ముగిసింది. తల్లి, అన్న బుఖారాకు తిరుగు ప్రయాణమయ్యారు. చిన్న కొడుకు హదీసు విద్య కోసం హిజాజ్‌లోనే ఉండిపోయాడు. ఫోను లేని కాలం, ఉత్తరం చేరడానికి నెలలు పట్టే దూరం. భర్త లేని ఆ తల్లి పదహారేళ్ల కొడుకును అక్కడ వదిలి వెనుదిరిగిన ఆ ఘడియను మనం ఎంతగా తలుచుకుంటాం? సహీహ్ బుఖారీ గ్రంథాన్ని ముద్దాడే మనం, ఆ గ్రంథం వెనుక ఒక తల్లి వీడ్కోలు ఉందని మరువరాదు.

మన నగరానికి దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులోనే జన్మించారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఇక్కడ న్యాయవాది. 1907లో, జాకిర్ హుస్సేన్‌కు పదేళ్ల వయసులో, తండ్రి మరణించారు. కుటుంబం ఉత్తరాదిలోని స్వస్థలం ఖాయిమ్‌గంజ్‌కు తరలిపోయింది. కొడుకుల చదువు ఆగలేదు. ఇటావాలోని ఇస్లామియా పాఠశాలలో వసతిగృహంలో ఉండి ఆయన చదువుకున్నారు. 1911లో ప్లేగు సోకి తల్లి కూడా కన్నుమూశారు. ఆ తరువాత ఆయన అలీగఢ్‌లో చేరారు. 1920లో జామియా మిల్లియా ఇస్లామియా స్థాపనలో పాలుపంచుకుని, బెర్లిన్‌లో డాక్టరేట్ పొంది, 1926 నుండి 1948 వరకు ఆ సంస్థకు సారథ్యం వహించారు. ఆయన తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే చరిత్ర ఆచార్యులయ్యారు. వెయ్యేళ్ల దూరాన బుఖారాలో జరిగింది మన హైదరాబాదు ఇంట్లోనూ జరగగలదని చెప్పడానికే దీనిని ఉదహరించాము.

పంపే ముందు తేల్చవలసిన లెక్క

ఇప్పుడు కఠినమైన విషయానికి వస్తున్నాము. మరణం జరిగిన ఇంట్లో చదువు ఖర్చు అనగానే తరచుగా ఒక పొరపాటు జరుగుతుంది. ఇంట్లో ఉన్న సొమ్మంతా ఒకే మూట అనుకుని, అందులోంచి కొడుకు ఫీజు కట్టేస్తారు. కానీ మరణించిన క్షణం నుండే ఆ ఆస్తి ఒకరిది కాదు. అందులో హక్కుదారులు ఉన్నారు. అన్నిసా సూరాలో అల్లాహ్ వాటాలను స్వయంగా నిర్ణయించాడు.

వరుస ఇలా ఉంటుంది. మొదట అంత్యక్రియల ఖర్చు, తరువాత మరణించినవారి అప్పులు, ఆపై మూడవ వంతుకు మించకుండా వారు రాసిన వీలునామా, చివరకు మిగిలినది వారసులకు. చెల్లించని మహర్ కూడా భర్తపై ఉన్న అప్పే. మన ప్రాంతంలో మహర్‌ను తరువాత ఇస్తామని నిఖానామాలో రాసి మరచిపోవడం పరిపాటి. భర్త పోయినప్పుడు చుట్టూ ఉన్నవారు భార్యను మాఫ్ చేశానని చెప్పమని ఒత్తిడి చేస్తారు. ఏడుస్తున్న స్త్రీ నోటి నుండి బలవంతంగా రప్పించిన మాట ఆమె హక్కును రద్దు చేయదు.

ఉదాహరణకు ఒక తండ్రి 14,00,000 రూపాయలు వదిలి వెళ్లాడనుకుందాం. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, మహర్ కలిపి 2,00,000. వీలునామా లేదు. ఆయన తల్లిదండ్రులు ముందే మరణించారు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. మిగిలిన 12,00,000లో భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 1,50,000. తక్కిన 10,50,000లో కొడుకుకు 7,00,000, కూతురికి 3,50,000. కొడుకు చదువుకు అతని ఏడు లక్షల నుండి ఖర్చు పెట్టవచ్చు. తల్లి తన వాటా నుండి ఇవ్వవచ్చు, అది ఆమె ఔదార్యం. కానీ ఇంకా చిన్నపిల్ల అయిన చెల్లెలి మూడున్నర లక్షలను అన్న ఫీజుకు వాడే అధికారం తల్లికి గాని, బాబాయికి గాని లేదు. తరువాత పెళ్లికి చూసుకుందాంలే అన్న మాట ఇక్కడ చెల్లదు. ఆమె యుక్తవయస్కురాలై తన ఇష్టంతో ఇస్తే వేరు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారన్న హెచ్చరిక అదే సూరా పదవ ఆయత్‌లో ఉంది. అన్న చదువు పేరు పెట్టినంత మాత్రాన ఆ అగ్ని చల్లారదు.

విశ్వవిద్యాలయానికి వెళ్లే కొడుకు యుక్తవయస్కుడు, తెలివితేటలు గలవాడు అయితే అతని వాటాను సాక్షుల సమక్షంలో అతనికి అప్పగించాలని అదే సూరా ఆరవ ఆయత్ ఆదేశం. యుక్తవయసు వచ్చాక యతీము అన్న స్థితి ఉండదని దైవప్రవక్త (స) ప్రవచించారు. కాబట్టి పద్దెనిమిదేళ్ల యువకుణ్ణి పది మందిలో పాపం యతీము అని పరిచయం చేయడం మానాలి. అతను ఇప్పుడు బాధ్యత మోయగల మనిషి. అతని దుఃఖాన్ని గౌరవించండి, అతనికి జాలి పేరు తగిలించకండి.

వాటా చాలనప్పుడు వడ్డీ అప్పు వైపు పరుగెత్తే ముందు మిగతా తలుపులన్నీ తట్టాలి. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్, విదేశీ విద్యకు ప్రత్యేక ఉపకారవేతనం ఇస్తున్నది. మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం వంటి కాగితాలను గడువు దాకా ఆగకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. ఇక బంధువులు! పేద విద్యార్థి జకాత్‌కు అర్హుడు. బాబాయి, మామూ, అత్త తమ జకాత్‌ను అతనికి ఇవ్వవచ్చు. అందులో దానపు పుణ్యమూ, బంధుత్వాన్ని కలుపుకున్న పుణ్యమూ రెండూ లభిస్తాయి. తాత, నాయనమ్మ, అమ్మమ్మ మాత్రం మనవడికి జకాత్ సొమ్ము ఇవ్వరాదు, తమ సొంత సొమ్ము నుండి ఆదుకోవాలి.

ఇద్దత్‌లో ఉన్న తల్లి

భర్త మరణించిన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ కాలంలో ఆమె భర్తతో కాపురమున్న ఇంట్లోనే ఉండాలి. ఇతర బంధువులు పోయినప్పుడు మాత్రం సంతాపం మూడు రోజులే. ఈ గడువును అల్లాహ్ శిక్షగా పెట్టలేదు. పోయిన మనిషి పట్ల గౌరవం, మిగిలిన మనిషికి విశ్రాంతి ఇందులో ఉన్నాయి.

ఇక ప్రవేశానికి తల్లి సంతకం కావాలి, బ్యాంకుకు వెళ్లాలి, ఆ పని చేసిపెట్టేవారు మరొకరు లేరు. అటువంటి అవసరం కోసం ఆమె పగటి పూట బయటకు వెళ్లి రాత్రికి తన ఇంటికి చేరుకోవచ్చునని హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ గడప దాటితే చాలు పాపమని భయపెట్టి, ఆమె బిడ్డ సీటు పోయేటట్లు చేయడం ధర్మం కాదు. కేవలం రైలు ఎక్కించడానికి స్టేషను దాకా వెళ్లడం ఆమె పరిస్థితిలో అవసరం కిందికి వస్తుందా రాదా అన్నది మీ ప్రాంతపు ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోండి. అయినా తల్లులారా, ఒక మాట వినండి. వీడ్కోలు విలువ ప్లాట్‌ఫాంలో లేదు. గడప లోపల నిలబడి బిడ్డ తలపై చేయి ఉంచి చేసిన దుఆ రైలు కంటే ముందు చేరుకుంటుంది.

కూతురు వెళుతున్నప్పుడు ఈ బాధ్యత మరింత పెద్దది. తండ్రి లేడన్న కారణంతో ఆమె చదువును ముందుగా బలి ఇవ్వడం మన సమాజంలో తరచుగా చూస్తున్నాము. తండ్రి లేకపోతే అన్నో, తమ్ముడో, బాబాయో, మామూయో వెంట వెళ్లి వసతిగృహం చూసి, భద్రత విచారించి, చేర్చి రావాలి. ఒక రోజు పని మానుకోలేని మగవారు ఆమె చదువు మానాలని తీర్పు చెప్పడం న్యాయమేనా?

సాగనంపే వేళ

ఎవరికైనా వీడ్కోలు చెప్పేటప్పుడు దైవప్రవక్త (స) వారి చేతిని తన చేతిలోకి తీసుకునేవారు. అవతలివారు వదిలే దాకా తాను వదిలేవారు కాదు. ఆ మనిషి ధర్మాన్ని, అతని అమానత్‌ను, అతని కర్మల ముగింపును అల్లాహ్‌కు అప్పగిస్తున్నానని పలికేవారు. ఈ వరుసను గమనించండి. సామాను, డబ్బు, ఆరోగ్యం అన్నిటికంటే ముందు ధర్మాన్ని అప్పగించారు. దూరప్రాంతంలో బిడ్డ పోగొట్టుకోగల వాటిలో అత్యంత విలువైనది అదే.

మరొక హదీసులో మూడు ప్రార్థనలు తప్పక స్వీకరించబడతాయని ఉంది. పీడితుని ప్రార్థన, బాటసారి ప్రార్థన, తల్లిదండ్రుల ప్రార్థన. రైలు కిటికీకి ఇరువైపులా నిలబడిన ఇద్దరిలో ఒకరు బాటసారి, ఒకరు తల్లి లేక తండ్రి. మూడింటిలో రెండు ప్రార్థనలు అక్కడే ఉన్నాయి. ఆ నాలుగు నిమిషాలను సెల్ఫీలతోనే గడిపేయకండి. ఒకరి కోసం ఒకరు, పోయినవారి కోసం ఇద్దరూ దుఆ చేయండి.

కన్నీళ్లు వస్తే ఆపుకోనక్కర లేదు. హిజ్రీ 10లో పసిబిడ్డ ఇబ్రాహీమ్ ఒడిలో ప్రాణం విడుస్తున్నప్పుడు దైవప్రవక్త (స) కళ్లు చెమర్చాయి. కన్ను తడుస్తుందని, మనసు బాధపడుతుందని, అయినా ప్రభువుకు నచ్చని మాట నోట రానివ్వమని అన్నారు. బిడ్డ ముందు ఏడిస్తే అతను బలహీనపడతాడని కొందరు రాయిలా నిలబడతారు. అప్పుడు బిడ్డ కూడా తన దుఃఖాన్ని వసతిగృహంలో దిండు కింద దాచుకోవడం నేర్చుకుంటాడు. అబ్బా ఉంటే ఈ రోజు ఎంత సంతోషించేవారో అని ఒక మాట అనండి. పోయినవారి పేరు ఆ ఇంట్లో నిషిద్ధం కాదని బిడ్డకు తెలియాలి.

ప్రయాణపు నమాజు విషయం కూడా బిడ్డకు చెప్పి పంపండి. దాదాపు 78 కిలోమీటర్లు, అంతకు మించిన దూరానికి బయలుదేరి ఊరు దాటిన తరువాత జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగుకు బదులు రెండు రకాతులు. చేరిన చోట పదిహేను రోజులు లేక అంతకంటే ఎక్కువ ఉండాలని సంకల్పిస్తే హనఫీల ప్రకారం పూర్తి నమాజు చేయాలి. కాబట్టి రైలులో ఖసర్, వసతిగృహంలో పూర్తి నమాజు. తిరిగి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు సొంత ఊళ్లోనూ పూర్తి నమాజే.

మిగిలిన ఇల్లు, మొహల్లా బాధ్యత

రైలు కదిలిన తరువాత అసలు పరీక్ష మొదలవుతుంది. ముందు ఇద్దరిని చూసిన వంటగదిలో ఇప్పుడు ఒక్కరే మిగులుతారు. జనాజా నాడు వచ్చిన జనం నలభై రోజులకల్లా తగ్గిపోతారు. బిడ్డ వెళ్లిన రోజున ఆ తలుపు తట్టేవారు ఎవరూ ఉండరు.

హిజ్రీ 8లో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజియల్లాహు అన్హు) అమరులైనప్పుడు దైవప్రవక్త (స) ఏం చేశారో చూడండి. జాఫర్ ఇంటివారికి భోజనం వండి పంపమని ఆదేశించారు. మూడు రోజుల తరువాత స్వయంగా ఆ ఇంటికి వెళ్లి, పిల్లలను పిలిపించి, మంగలిని రప్పించి వారి తలలు గొరిగించారు. వారి తల్లి అస్మా బిన్తె ఉమైస్ (రజి) బిడ్డల అనాథ స్థితిని తలచి బాధపడగా, ఇహంలోనూ పరంలోనూ వీరికి సంరక్షకుణ్ణి నేనుండగా వీరు పేదలవుతారని భయపడుతున్నావా అని ఓదార్చారు. భోజనం, మూడు రోజుల గడువు, పిల్లల తల వెంట్రుకలు, భవిష్యత్తుపై భరోసా! సంతాపం అంటే ఇన్ని పనులు.

మన మస్జిదుల పరిధిలో ఈ పనులను పంచుకోవచ్చు. తండ్రి లేని విద్యార్థి వెళ్లే రోజున స్టేషనుకు ఒక బండి, వెంట ఒక పెద్దమనిషి. ఆ సాయంత్రం ఒంటరిగా మిగిలిన తల్లి వద్ద ఇద్దరు ఇరుగుపొరుగు స్త్రీలు. భార్య పోయిన తండ్రి అయితే ఇషా తరువాత అతన్ని ఒంటరిగా ఇంటికి పంపకుండా భోజనానికి తీసుకువెళ్లే ఒక మిత్రుడు. బయటి జిల్లా నుండి మన నగరానికి వచ్చిన విద్యార్థి శుక్రవారం మన పంక్తిలో కొత్తముఖంగా నిలబడితే, నమాజు ముగిశాక అతని పేరు అడిగి ఇంటికి పిలిచే మనిషి. వీటిలో దేనికీ చందా పుస్తకం అక్కరలేదు.

విద్యార్థులారా! మనిషి మరణించాక అతని కర్మలు ఆగిపోతాయని, మూడు మాత్రం ఆగవని దైవప్రవక్త (స) తెలియజేశారు. కొనసాగే దానం, ప్రయోజనం కలిగించే విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే సత్సంతానం. ధర్మబద్ధంగా చదువుకుని, ఆ చదువుతో పదిమందికి మేలు చేసి, ప్రతి నమాజులో తల్లిదండ్రులను తలిచే బిడ్డ ఈ మూడింటినీ కలిపి మోస్తాడు. పోయిన తండ్రిని వదిలి దూరం వెళుతున్నామని మీరు అనుకోవద్దు. ఆయన పుణ్యాల పుస్తకంలో ఇంకా రాయబడుతున్న పేజీ మీరు. ఇంట్లో ఉన్న తల్లికి రోజుకు ఒక్కసారి ఫోన్ చేయండి. డబ్బు అవసరమైన రోజునే కాదు, ఏ అవసరమూ లేని రోజున కూడా.

ప్రభూ! యూసుఫ్‌ను యాఖూబ్‌కు తిరిగి చేర్చినవాడా! మా ఇళ్ల నుండి వెళ్లిపోయినవారిని నీ కారుణ్యంలో చేర్చుకో. మా ఇళ్ల నుండి చదువుకు బయలుదేరిన బిడ్డల ధర్మాన్ని, అమానత్‌ను, వారి కర్మల ముగింపును నీకే అప్పగిస్తున్నాము. మా చేతుల్లో ఉన్న అనాథల వాటాలను వారికి పూర్తిగా అప్పగించే భాగ్యం మాకు ప్రసాదించు. ఖాళీ అయిన ఇళ్లలో మిగిలిన తల్లిదండ్రుల హృదయాలకు ఓర్పును, ఆసరాను ఇవ్వు. ఈ లోకంలో ఎవరిని ఎవరి నుండి వేరు చేసినా, నీ స్వర్గంలో అందరినీ ఒక్క చోట కలుపు. ఆమీన్.